కాదనవలసిన పని



నేను తాపీపని చేయువాడను. దివిసీమలో పుట్టి, ఆ సీమలోనే ఇటుకపై ఇటుక పేర్చుచు ముసలివాడనైతిని. 1977 నవంబరు 19వ తేదీన ఉప్పెన వచ్చినప్పుడు నాకు పదునారేండ్లు. మట్టిగోడలు, తాటాకు కప్పులు నీటిలో కలిసిపోయిన పిమ్మట పల్లెపల్లెను పక్కాయిండ్లు లేచినవి. ఆ పనులలోనే మా తండ్రిగారి వెంట ఇటుకలు మోసి, తాపీ పట్టుట నేర్చితిని. పని ఎట్లు చేయవలెనో ఆయన ఓపికతో నేర్పిరి. ఎట్టి పని ఒప్పుకొనరాదో నేర్పుటకు మాత్రము వారికి తీరిక చిక్కలేదు. దానిని నేను నష్టపడి నేర్చుకొంటిని. ఆ సంగతియే ఈ పూట మనవి చేసికొందును.

1991 వేసవిలో ఒక ఆసామి మూడుగదుల డాబా వేయుమని నన్ను పిలిపించెను. నేను పోవునప్పటికే ఇసుక తోలించి గుట్ట పోయించి యుండెను. చిటికెడు తీసి నాలుకపై వేసికొంటిని, ఉప్పగా నుండెను. సముద్రపుటొడ్డు ఇసుక! కృష్ణయిసుక తెచ్చుటకు కిరాయి హెచ్చు. ఇదియో, ఊరికి కోసెడు దూరముననే దొరకును. “అయ్యా, ఇది శ్లాబునకు పనికిరాదు” అంటిని. “నా ఇల్లు, నా సొమ్ము. ఏమైనను పూచీ నాది. నీపై మాట రానీయను” అని ఆయన బయానా నా చేతిలో పెట్టెను. ఆ నెలలోనే మా చెల్లెలి పెండ్లి. పుచ్చుకొంటిని.

ఉప్పు చేయు పని ఎట్టిదో చెప్పెదను. సిమెంటు కంకరలో పొదిగిన ఇనుపయూచ సామాన్యముగా త్రుప్పు పట్టదు. సిమెంటులోని క్షారగుణము దానిని కాచుచుండును. ఉప్పు ఆ కాపును చెరచును. అటుపిమ్మట తేమయు గాలియు తగిలినకొలది ఊచ త్రుప్పెక్కును. త్రుప్పు, తనకు పుట్టుకయైన ఇనుముకంటె ఎక్కువ చోటు కోరును. చోటులేక లోలోపల ఉబ్బి, కంకరను పగులదీసి క్రిందికి నెట్టును. ఇదంతయు ఒకనాటితో జరుగునది కాదు, ఏండ్లు పట్టును. అంతవరకు పైని వేసిన సున్నము తెల్లగనే యుండును, మేస్త్రికి మంచిపేరును ఉండును.

ఆ ఇంట ఏడవయేట కప్పు అడుగున ఎఱ్ఱని చారలు కనబడినవట. ఎనిమిదవయేట ఒక రాత్రి తిరుగలిరాయంత పెచ్చు ఊడి మంచముపై పడెను. పాలిచ్చుటకై తల్లి బిడ్డను ఎత్తుకొని అప్పుడే లేచినది. తెల్లవారి నేను పోయి చూచితిని. మంచపుపట్టె విరిగి యుండెను. ఆసామి మాట నిలుపుకొనెను. నన్ను పల్లెత్తుమాట అనలేదు. ఆ తల్లి మాత్రము బిడ్డను భుజమున వేసికొని, గడపలో నిలిచి, నా వంకనే చూచుచుండెను. పూచీ తనదని ఆసామి చెప్పగలిగెను. ఆ బిడ్డ చెప్పలేదు గదా! ఆ కప్పు క్రింద పండుకొనువారిలో నాతో బేరమాడినవాడు ఒక్కడే. ఈ మాట బయానా పుచ్చుకొన్ననాడు నాకు తోచలేదు.

నా ఖర్చుతోనే ఆ పెచ్చు పూసితిని. ఒకచోట పూయగా మరియొకచోట ఊడెను. ఉప్పు లోపలనున్నది, పైపూత ఏమి చేయును? తుదకు ఆ శ్లాబు దింపివేసిరి.

నాటినుండి కాదనుట అలవరచుకొంటిని. అదియును నాకు సులువుగా రాలేదు. మొదట “తీరిక లేదు” అని తప్పించుకొనుచుంటిని. అట్లన్నచో వారు మరియొక మేస్త్రిని పిలిచి అదే ఇసుకతో అదే కప్పు వేయించుకొనుచుండిరి. పిమ్మట కూలి రెట్టింపు చెప్పి చూచితిని. ఒకాయన సరేననెను! ఇరుకునపడి, సిగ్గువిడిచి నిజము చెప్పవలసి వచ్చెను. ఇప్పుడు కారణము మొదటనే చెప్పుదును, బయానా ముట్టకమునుపే చెప్పుదును. సొమ్ము చేతబడిన పిమ్మట నోరు అంతగా లేవదు.

ముహూర్తముల చిక్కు ఒకటి కలదు. శ్లాబు పోసిన నాలుగవనాడే గృహప్రవేశము, పోట్లు తీసివేయుమందురు. నాలుగున్నర మీటర్ల లోపు వెడల్పుగల శ్లాబునకు 7 దినములైనను, అంతకు మించినదానికి 14 దినములైనను పోట్లు ఉండవలెను. శ్లాబునకు పంచాంగము తెలియదు. ఇట్టివారితో “ముహూర్తము మార్చుకొనుడు, లేదా పోట్ల నడుమనే పాలు పొంగించుకొనుడు” అందును. అనేకులు నవ్వి ఒప్పుకొందురు. పెద్దలైన మీరు ముహూర్తము పెట్టించుటకు ముందు మేస్త్రినికూడ ఒకమాట అడిగినచో మాకు ఈ తగవుండదు.

ఇంక మా బావ సంగతి. 2013లో ఆయన తన పాతయింటిపై మేడ లేపుమనెను. పునాది ప్రక్కన గుంట త్రవ్వించి చూచితిని. మూరెడు లోతుననే పునాది ముగిసినది. గోడ అంతయు మట్టియడుసుతో కట్టినది. పై బరువు అది మోయదని చెప్పితిని. క్రింది గోడలు తీసి మొదటినుండి కట్టుదమంటిని. నా కూలి సగమే ఇమ్మంటిని. “అయినవాని పనికే వంకలు పెట్టుచున్నావు” అని ఆయన కోపగించెను. వేరొక మేస్త్రి వచ్చి మేడ లేపెను. మరుసటియేడు వారింట పెండ్లికి మాకు పిలుపు రాలేదు. మా చెల్లెలు, అనగా ఆ బావ భార్య, రెండేండ్లు నాతో మాటలాడలేదు. ఏ చెల్లెలి పెండ్లికై ఆ పాడు బయానా పుచ్చుకొంటినో, ఆమెయే.

ఆ మేడ నేటికిని నిలిచియున్నది. ఊరివారు నన్ను చూచి నవ్వుదురు. నేను తప్పు లెక్కవేసితినేమోయని నాకును అప్పుడప్పుడు తోచును. అయినను ఆ గోడ మరల చూపి అడిగినచో ఆ మాటయే చెప్పుదును. ప్రతియేడు కార్తికపు వానలు వెలిసినతోడనే ఆ వీధిన పోయి, ఈశాన్యపు మూల తలయెత్తి చూతును. ఇంతవరకు బీట లేదు. బావ నన్ను చూచి, “ఇంకను పడలేదురా, రా, మజ్జిగ త్రాగి పొమ్ము” అని పిలుచును. పోయి త్రాగుదును. అరుగుమీదనే కూర్చుందును.