వార్డులో మొదలయ్యే పరిశోధన

 

ఈ రోజు పట్టాలు అందుకుంటున్న యువ వైద్యులారా, మీలో చాలామంది ఇప్పటికే నీట్ పీజీ పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు. వాళ్లలో జనరల్ మెడిసిన్‌లో చేరబోయేవాళ్లతో ఈ పూట ప్రత్యేకంగా మాట్లాడాలని ఉంది. ఆ మూడేళ్ల డ్యూటీల బరువు గురించి నేను చెప్పనక్కర్లేదు, హౌస్ సర్జన్లుగా కళ్లారా చూశారు. నేను చెప్పదలచింది పరిశోధన గురించి. అది పెద్ద ల్యాబులున్న చోట జరిగే పని అనీ, కిక్కిరిసిన ప్రభుత్వాసుపత్రి వార్డులో దానికి తావు లేదనీ మీకు ఎవరైనా చెప్పి ఉంటే, నమ్మకండి.

వానాకాలంలో అడ్మిషన్ రోజు ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఒక తల్లి వస్తుంది, వారం రోజులుగా జ్వరం. ప్లేట్‌లెట్లు పడిపోయాయి, ఆయాసం మొదలైంది. డెంగీ పరీక్ష నెగెటివ్, మలేరియా స్మియర్‌లో ఏమీ లేదు. అప్పుడు ఇంకో పరీక్ష రాసేముందు తెర వేయించి, నర్సును తోడు పెట్టుకుని, ఆ తల్లి చంకల్లో, గజ్జల్లో, రొమ్ముల కింది మడతల్లో వెతకండి. సిగరెట్‌తో వాత పెట్టినట్టు నల్లగా పక్కు కట్టిన చిన్న పుండు కనిపించవచ్చు. నొప్పి ఉండదు, దురద ఉండదు, అందుకే ఆమె చెప్పదు. అదే ఎస్కార్. జబ్బు స్క్రబ్ టైఫస్. డాక్సీసైక్లిన్ మొదలుపెడితే చాలామందికి రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది.

మరి జబ్బు ముదిరి వచ్చినవాళ్లకు ఒక్క మందు సరిపోతుందా? దీనికి జవాబు మన దేశంలోని ఆసుపత్రుల్లోనే దొరికింది. వెల్లూరు సీఎంసీ వైద్యుల ఆధ్వర్యంలో జరిగిన ట్రయల్‌లో డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ కలిపి నరంలోకి ఇస్తే, ఏ ఒక్కటి ఇచ్చినదానికన్నా మేలని తేలింది. 2023లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ దాన్ని ప్రచురించింది. క్షయ విషయంలోనూ అంతే. రోగి శానిటోరియంలో ఉండి మందులు వాడినా, ఇంట్లో ఉండి వాడినా ఫలితం దాదాపు ఒకటేనని 1959లో మద్రాసులోని పరిశోధకులు చూపించారు. ప్రపంచమంతా క్షయ చికిత్స తీరు మార్చుకుంది.

ఇక మీ థీసిస్. పరీక్షకు కూర్చోవడానికి కావలసిన కాగితంగా దాన్ని చూసే అలవాటు మన కాలేజీల్లో పాతుకుపోయింది. సీనియర్ థీసిస్ తెచ్చుకుని, అంకెలు అటూ ఇటూ మార్చి బైండింగ్‌కి ఇచ్చేవాళ్లు ఉన్నారు. అది నన్ను నిజంగా బాధపెడుతుంది. ఆ అంకెల వెనక మీకు రక్తం ఇచ్చిన మనిషి ఉంటాడు. సంతకం రాక, మీ మాట మీద నమ్మకంతో వేలిముద్ర వేసి ఉంటాడు. చిన్న ప్రశ్నే తీసుకోండి. సినాప్సిస్ రాయకముందే స్టాటిస్టిక్స్ తెలిసినవాళ్లను కలవండి. ఎథిక్స్ కమిటీ అనుమతి రాకుండా ఒక్క రోగినీ చేర్చుకోకండి. దొరకని వివరాన్ని దొరకలేదనే రాయండి. మీరు ఊహించినది తేలకపోతే, తేలలేదని రాయడానికి సిగ్గుపడకండి.

ఇప్పుడు పీజీలందరూ మూడు నెలలు జిల్లా ఆసుపత్రుల్లో పనిచేయాలి. ఎప్పుడు అయిపోతాయా అని రోజులు లెక్కపెట్టకండి. మీకు శ్రీకాకుళం జిల్లా పడిందనుకోండి, అక్కడి ఉద్దానం ప్రాంతపు మనుషులు మీ ఓపీకి వస్తారు. జీడితోటల్లో, కొబ్బరితోటల్లో పనిచేసేవాళ్లు. చాలామందికి షుగర్ ఉండదు, మూత్రంలో ప్రోటీన్ కూడా పెద్దగా పోదు, క్రియాటినిన్ చూస్తే మాత్రం కిడ్నీలు అప్పటికే బాగా దెబ్బతిని ఉంటాయి. నీళ్లలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో చెమటోడ్చడమన్నారు. కారణం ఇంకా తేలలేదు.

మందులు రాసి పంపేయకుండా ఆ మనిషిని కూర్చోబెట్టి అడగండి. ఏ నీళ్లు తాగుతున్నాడు, తోటలోకి ఎన్నింటికి వెళ్తాడు, ఒళ్లునొప్పులకు ఏ మాత్రలు ఎన్నాళ్లుగా మింగుతున్నాడు, ఇంట్లో ఇంకెవరికి ఈ జబ్బుంది. ప్రతి రోగి కేస్ షీట్‌లోనూ ఇవన్నీ ఒకే వరసలో రాసి, తిరిగొచ్చాక మీ గైడ్ ముందు పెట్టండి. అప్పటికి మీ థీసిస్ అంశం ఖరారై ఉంటుంది, ఫరవాలేదు. ఆ తరవాత చేయాల్సిన పనికి అవి పనికొస్తాయి.