పోలవరము దెసల భోజనము

గోదావరి యాత్రకు పోవువారు మమ్ము తరచుగా అడుగు ప్రశ్న: పోలవరము దెసల ఏమి తినవలెను?

పులస నడుగకుడు. సముద్రపు విలస వరదనీటి కెదురీది పులస యగును. కాటన్ దొర 1852లో ముగించిన ధవళేశ్వరము ఆనకట్ట నాటినుండి దాని దారి కడ్డు పడినది. అది దిగువవారి భాగ్యము.

ఇచట అడుగదగినది బొంగు కోడి. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన మాంసము కూరి, ఆకుతో మూతి బిగించి, నిప్పులపై త్రిప్పుచు కాల్తురు. నూనె యక్కరలేదు, వెదురు చెమ్మయే మాంసమును మగ్గించును.

ఈ వంట నెరిగిన కొండరెడ్ల పల్లెలు పెక్కు పోలవరము జలాశయమునకై ఖాళీ యైనవి. వడ్డించినవాని నీ ఊరేదని మేమడిగితిమి. "నీటిలో నున్నదండీ" అనెను. వెల యిచ్చునపుడు బేరమాడుటకు మాకు నోరు రాలేదు. మీరును ఆడకుడు.