సాయంత్రం 5:30



పోలియో వచ్చిన పిల్లలను మైదానానికి తీసుకొచ్చి ఆడించిన ఒక డ్రిల్లు మాస్టారి పేరిట ఏటా జరిగే ఉపన్యాసం ఇది. ఆయన ఇష్టపడే సంగతే ఎంచుకున్నాను: ఐరన్‌మ్యాన్ అనే పోటీలో వికలాంగులు.

1978 ఫిబ్రవరిలో హవాయిలోని ఓహూ దీవిలో జాన్ కాలిన్స్ అనే నౌకాదళ అధికారి ఐరన్‌మ్యాన్ పోటీకి నాంది పలికాడు. సముద్రంలో 3.8 కిలోమీటర్ల ఈత, ఒడ్డెక్కగానే 180 కిలోమీటర్ల సైకిల్, ఆపైన 42.2 కిలోమీటర్ల పరుగు. మొదటిసారి 15 మంది బయల్దేరితే 12 మంది పూర్తిచేశారు. 1981లో పోటీ హవాయిలోనే ఉన్న కోనాకు మారింది. ఆ రోజుల్లో ఉదయం 7 గంటలకు సముద్రంలో దిగినవాళ్ళు సాయంత్రం 5:30 లోగా సైకిల్ దిగాల్సి ఉండేది, అర్ధరాత్రిలోగా గమ్యం చేరాల్సి ఉండేది. అక్కడ వికలాంగుల కథ చాలావరకు ఆ 5:30 దగ్గరే నడిచింది.

1989లో మసాచుసెట్స్ నుంచి డిక్ హోయ్ట్ వచ్చాడు. కొడుకు రిక్‌కు పుట్టుకతో సెరిబ్రల్ పాల్సీ. తండ్రి అతణ్ని పడవలో కూర్చోబెట్టి తాడుతో లాగుతూ ఈదాడు, సైకిల్ ముందు సీటులో మోశాడు, పరుగులో కుర్చీని నెట్టుకుంటూ వెళ్ళాడు. గడువులోగా ఇద్దరూ గమ్యం చేరారు.

ఎడమకాలు మోకాలి కింద పోగొట్టుకున్న జిమ్ మెక్‌లారెన్ కృత్రిమ కాలితో ఐరన్‌మ్యాన్ పూర్తిచేసినవాడు. 1993లో కాలిఫోర్నియాలో ఒక పోటీ జరుగుతుండగా, సైకిల్ మీదున్న అతణ్ని వ్యాను ఢీకొంది. కాళ్ళూ చేతులూ చచ్చుబడ్డాయి. అతనికి వాహనం సమకూర్చాలని మిత్రులు 1994లో శాన్ డియేగోలో ఒక ట్రయాథ్లాన్ నడిపారు. వికలాంగ క్రీడాకారులకు పరికరాలు, శిక్షణ అందించే చాలెంజ్‌డ్ అథ్లెట్స్ ఫౌండేషన్ దాన్నుంచే పుట్టింది. నా దృష్టిలో ఈ చరిత్రలో అన్నిటికన్నా విలువైన పని ఇదే. పరుగు కోసం చేసే కృత్రిమ కాలు, పోటీ వీల్‌చైర్ సామాన్యుడు కొనగలిగే వస్తువులు కావు.

ఇక జాన్ మెక్లీన్. ఆస్ట్రేలియా రగ్బీ ఆటగాడు. 1988లో సైకిల్ సాధన చేస్తుంటే లారీ గుద్దింది, వెన్నెముక దెబ్బతింది. ఇతని కష్టం ఎక్కడుందో కాస్త నిదానంగా చూద్దాం. మామూలు పోటీదారు ఎక్కువగా చేతుల బలంతో ఈదుతాడు, తర్వాత కాళ్ళతో తొక్కుతాడు. మెక్లీన్ కదలని కాళ్ళను వెనక ఈడ్చుకుంటూ ఈదాలి. మన వీధుల్లో కనిపించే మూడుచక్రాల బండికి దగ్గరి చుట్టమైన హ్యాండ్‌సైకిల్ పెడళ్ళను అవే చేతులతో 180 కిలోమీటర్లు తిప్పాలి. చివరికి వీల్‌చైర్ చక్రాలను నెట్టేదీ ఆ భుజాలే. కోనా సైకిల్ దారిలో హావీ ఊరి వైపు ఎక్కేటప్పుడు ఎదురుగాలి వేరే. 1995లోనూ 1996లోనూ సైకిల్ గడువు దాటిపోయింది. 1997లో గడువులోగా వచ్చాడు. వీల్‌చైర్‌లో అధికారికంగా పూర్తిచేసిన తొలి వ్యక్తి అయ్యాడు.

ఏడేళ్ళకే కాలు తొలగించిన సారా రైనర్ట్‌సన్‌ను 2004లో ఆ గడువే ఆపేసింది. 2005లో ఆమె పూర్తిచేసింది. మోకాలి పైవరకు కాలు లేని స్త్రీ కోనాలో పూర్తిచేయడం అదే మొదలు.

ముంబైలో పుట్టిన మిండా డెంట్లర్‌కు పసితనంలోనే పోలియోతో రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. అనాథాశ్రమం నుంచి ఆమెను ఒక అమెరికన్ కుటుంబం పెంచుకుంది. 2012లో కోనాలో సైకిల్ గడువు మూడు నిమిషాల తేడాతో తప్పింది. మరుసటేడు మళ్ళీ వచ్చి పూర్తిచేసింది. వీల్‌చైర్‌లో అక్కడ గమ్యం చేరిన తొలి మహిళ ఆమే.

2020 నవంబరులో ఫ్లోరిడాలో జరిగిన ఐరన్‌మ్యాన్ పోటీని, డౌన్ సిండ్రోమ్ ఉన్న క్రిస్ నికిక్ సహచరుడి తోడుతో 16 గంటల 46 నిమిషాల 9 సెకన్లలో పూర్తిచేశాడు. గడువు 17 గంటలు.

వీళ్ళలో ఎవరికోసమూ దూరం తగ్గించలేదు, గడియారం ఆపలేదు. కూర్చునే బండికి, పక్కన ఈదే తోడుకు, ఒడ్డున ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టే మనిషికి అనుమతి దొరికింది. కావలసింది అదే.

2014 మార్చి 27న భారతదేశానికి పోలియోరహిత ధ్రువీకరణ వచ్చింది. అంతకుముందు ఆ జబ్బు బారిన పడిన తరం మన జిల్లాల్లో ఉంది, ఈ సభలోనూ ఉంది. వాళ్ళు కుర్చీతో గట్టుదాకా వచ్చి నీళ్ళలో దిగే వీలున్న ఈత కొలనులు మన పట్టణాల్లో ఎన్ని ఉన్నాయో ఈ స్మారక సంఘం వచ్చే ఏటికల్లా లెక్క తీయాలని అడుగుతున్నాను. ఆ పనికి నేనూ వస్తాను.