జాక్ దొంగా?

మిత్రులారా, ఉదయగిరి, ఆత్మకూరు బడిపిల్లల చేత ‘జాక్ అండ్ ది బీన్‌స్టాక్’ తెలుగులో ఆడిద్దామంటున్నారు. సంతోషం.

చిక్కుడు తీగకు బెంగ వద్దు. ఆకుపచ్చ చీర పట్టుకుని నలుగురు పిల్లలు ఒకరి వెనక ఒకరు పైకి లేస్తే చాలు. లండన్ డ్రూరీ లేన్‌లో 1819లోనే ఈ కథను ఆడారు. అక్కడి పాంటోమైమ్‌లో ఆవంటే దుప్పటి కింద ఇద్దరు మనుషులే. మన ఆవుకు మూపురం మరవకండి, నెల్లూరు జాతి కదా! మబ్బుల్లో కోట ఎలా ఉంటుందో ఉదయగిరి దుర్గం కింద పెరిగిన పిల్లలకు మనం చెప్పాలా?

చిక్కంతా దొంగతనం దగ్గరే. 1807లో టాబర్ట్ అచ్చువేసిన పుస్తకంలో ఒక దేవత కనిపించి, ఆ రాక్షసుడే నీ తండ్రిని చంపాడని జాక్‌కు చెబుతుంది. 1890లో జోసెఫ్ జేకబ్స్ తన పుస్తకంలో ఆ సాకు లేకుండా కథ చెప్పాడు. మన అయ్యవార్లకు మొదటిదే నచ్చుతుందని తెలుసు. నా ఓటు మాత్రం రెండోదానికే. రొట్టె పెట్టి, పొయ్యిలో దాచి కాపాడింది రాక్షసుడి భార్య. వీడేమో తిన్నింటి వాసాలు లెక్కపెట్టి బంగారం, కోడి, వీణ ఎత్తుకొచ్చాడు. చివరి రంగంలో ఆమెను తీసుకురండి. “ఆకలన్నావని పెట్టాను కదా నాయనా, ఇదేం పని?” అని అడగనివ్వండి. జాక్ జవాబు మాత్రం మనం రాసివ్వొద్దు. రిహార్సల్‌లో పిల్లలే వెతుక్కుంటారు.