తక్కెడయు, గింజయు: ఉద్యోగపు ఇంటర్వ్యూను గూర్చిన ప్రసంగము



వేరుసెనగ కాయలు కొనువాడు మొదట వానిని తూచును. పిదప పిడికెడు కాయలు తీసి, ఒలిచి, గింజ నిండినదో లేదో చూచును. తూకము అందరికిని ఒక్కటియే. గింజ చూచుట ఆ బస్తాకు సంబంధించిన విచారణ. ఉద్యోగార్థులను ఎన్నుకొనుటలోను ఈ రెండును వలయును.

అనంతపురము సీమలో ఏటి సగటు వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. చేనిని నమ్మలేని ఇంటికి బిడ్డ సంపాదించు కొలువే కరువునాటి ఆసరా. అట్టి కొలువు కొద్ది నిమిషముల మాటలలో తేలునప్పుడు, ఆ మాటలు ఎట్లు సాగవలెనో విచారింపవలసియున్నది.

తోచిన ప్రశ్న తోచినట్లు అడుగుట ఒక పద్ధతి. అందు ఒకనిని ఊరిపేరడిగి పంపుదురు. వేరొకనిని చిక్కు ప్రశ్నలతో వేధింతురు. యాసయు, వేషమును మార్కులను ప్రభావితము చేయును. అందరికిని అవే ప్రశ్నలు, ముందే నిర్ణయించిన మార్కులు గలది రెండవ పద్ధతి. 1998లో ష్మిట్, హంటర్ అను అమెరికా పండితులు 85 ఏండ్ల పరిశోధనలను క్రోడీకరించి, రెండవ పద్ధతియే అభ్యర్థి పనితనమును మేలుగా సూచించునని తేల్చిరి. 2022లో సాకెట్ మున్నగువారి పునఃపరిశీలనలో ఆ అంతరము ఇంకను పెరిగినది.

శ్రీనగరు ఇంజనీరింగు కళాశాల ప్రవేశముల వివాదమున 1980లో సుప్రీంకోర్టు, మౌఖిక పరీక్షకు మూడవవంతు మార్కులుంచుట తగదనియు, అవి నూటికి 15 మించరాదనియు చెప్పెను. 2019లో ఆంధ్రప్రదేశ్ గ్రామ సచివాలయముల కొలువులు ఇంటర్వ్యూ లేకయే, వ్రాతపరీక్షతో నింపబడినవి.

అట్లని మాటను పూర్తిగా మానుట ఎల్లయెడల సరికాదు. రైతులతో మెలగవలసినవాని ఓర్పు వ్రాతలో కానరాదు. “బోరు ఎండిన రైతునకు ఏమి చెప్పుదువు?” అని అందరిని అడుగవచ్చును. “చెరువు పూడిక తీయింతును” అని ఒకడనిన, “ఎవరి చేత? ఏ సొమ్ముతో?” అని అతనినే మరల అడుగవలెను. మొదటిది తూకము; రెండవది గింజ చూచుట. ముందు ఉమ్మడి ప్రశ్నలు. వెంటనే సభ్యులు ఒకరితో నొకరు సంప్రదింపక ఎవరికి వారు మార్కులు వేయుట. తరువాత అందరికిని సమానకాలముతో స్వేచ్ఛాసంభాషణ, దానికి కొద్ది మార్కులు. ఈ క్రమమున ఉభయ ప్రయోజనములు నెరవేరును.

రజతోత్సవము జరుపుకొనుచున్న గ్రంథాలయమున వారమునకొక సాయంకాలము యువతీయువకులు ఒకరినొకరు ఇట్లే ప్రశ్నించుకొనినచో తడబడు నాలుక స్థిరపడును. తక్కెడ సరిగా పట్టుట అడుగువారి ధర్మము. గింజ నిండునట్లు చూచుకొనుట చదువుకొనువారి ధర్మము.