ఊరి మధ్యలో గోడ: మోడ్లరాయిట్ కథ

జర్మనీలో గోడ అనగానే మనకి బెర్లిన్ గుర్తొస్తుంది కదా. కానీ పట్టుమని యాభై మంది ఉండే ఒక పల్లెటూరి మధ్యలోంచి కూడా అలాంటి గోడే వెళ్లింది. ఆ ఊరి పేరు మోడ్లరాయిట్. అమెరికా సైనికులు దీన్ని 'లిటిల్ బెర్లిన్' అనేవాళ్లు. ఈరోజు ఎపిసోడ్ ఆ ఊరి గురించే.

ఊరి మధ్యలో టాన్‌బాఖ్ అనే వాగు ఉంది. వాగంటే మరీ పెద్దగా ఊహించుకోకండి, ఒక్క అంగలో దాటేయొచ్చు. 1810లో దాని వెంబడి సరిహద్దు రాళ్లు పాతారు. ఒక ఒడ్డు బవేరియా రాజ్యానిది, ఇంకో ఒడ్డు రాయిస్ అనే చిన్న సంస్థానానిది. తర్వాత ఆ సంస్థానం తురింగియా రాష్ట్రంలో కలిసిపోయింది. ఊళ్లోవాళ్లు మాత్రం ఈ గీతని అస్సలు పట్టించుకోలేదు. బడి, బీరు తాగే సత్రం తురింగియా వైపు ఉండేవి. చర్చికి బవేరియాలో ఉన్న పక్కూరు ట్యోపెన్‌కి వెళ్లేవాళ్లు. అంటే కాగితం మీద రెండు, బతుకులో ఒకటే ఊరు.

1945లో యుద్ధం అయిపోయాక తురింగియా సోవియట్ చేతికి, బవేరియా అమెరికా చేతికి వెళ్లాయి. 1949లో రెండు జర్మనీలు ఏర్పడేసరికి ఆ వాగే రెండు దేశాల సరిహద్దు అయిపోయింది! అయినా కొన్నాళ్లు పాస్ చూపించి దాటనిచ్చారు. 1952లో అదీ ఆపేశారు. తూర్పు జర్మనీ తన సరిహద్దు పొడవునా 5 కిలోమీటర్ల మేర ఆంక్షలు పెట్టింది. నమ్మకం లేదనుకున్న కుటుంబాల్ని ఇళ్లు ఖాళీ చేయించి దూరంగా పంపేసింది. మోడ్లరాయిట్‌లో ముందు చెక్క కంచె వచ్చింది, తర్వాత ముళ్లకంచె, 1966లో కాంక్రీట్ గోడ. దాదాపు 700 మీటర్ల పొడవు, పదడుగులకు పైగా ఎత్తు.

నన్ను బాగా కదిలించిన విషయం ఇంకోటుంది. తూర్పు వైపు వాళ్లు అవతలి వాళ్లకి చేయి ఊపడం కూడా నిషేధం. పడమటి వైపు నుంచి చుట్టమో స్నేహితుడో చేయి ఊపితే, ఇటువైపు మనిషి చూసీ చూడనట్టు తల తిప్పుకోవాలి. 1973లో ఒకాయన కారు గోడ దాకా తెచ్చి, నిచ్చెన వేసుకుని దాటేశాడు. అలా తప్పించుకోగలిగింది అక్కడ ఆయనొక్కడే.

1989 నవంబర్ 9న బెర్లిన్ గోడ తెరుచుకుంది, అది మనకి తెలిసిందే. మోడ్లరాయిట్ వాళ్లు మాత్రం ఇంకో నెల ఆగాల్సి వచ్చింది. డిసెంబర్ 9న నడిచి వెళ్లడానికి దారి తెరిచారు. అన్నేళ్ల తర్వాత మళ్లీ పక్కింటికి వెళ్లడం! 1990 జూన్ 17న గోడని చాలావరకు కూల్చేశారు. కొంత భాగం మాత్రం ఉంచేశారు, ఇప్పుడది మ్యూజియం.

ఇక్కడో ట్విస్ట్ ఉంది. ఆ గీత ఇప్పటికీ అలాగే ఉంది! ఒక వైపు పిన్‌కోడ్ 95183, ఇంకో వైపు 07926. ఫోన్ కోడ్‌లు వేరు, బండి నంబర్లు వేరు, రాష్ట్ర ప్రభుత్వాలు వేరు. పలకరింపు కూడా వేరే: బవేరియా వైపు 'గ్రూస్ గాట్', తురింగియా వైపు 'గూటెన్ టాగ్'. కానీ దీనివల్ల ఇప్పుడు ఎవరికీ నిద్ర పట్టకపోవడం లేదు.

నాకు అర్థమైంది ఏంటంటే, 1810లో ఉన్న గీత, 1966లో ఉన్న గీత, ఇప్పుడున్న గీత, అన్నీ ఒకటే. మారిందల్లా దాన్ని దాటే మనిషిని ఏం చేస్తారు అన్నదే. సరిహద్దుల గురించి ఎక్కడ గొడవ విన్నా, గీత ఎక్కడుందని కాకుండా, అవతలి వాళ్లకి చేయి ఊపొచ్చా లేదా అని ముందు అడగండి.