కట్టేముందు ఒకసారి కూర్చోబెట్టి చూడండి

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



షాదీఖానా విస్తరణ, మస్జిదుకు కొత్త వుజూఖానా, ఈ రెండింటి ప్లాను మీద నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. ఖర్చెంతవుతుందో, చందాలు ఎలా రావాలో కోశాధికారిగారు విపులంగా చెప్పేశారు. నేను వేరే లెక్క మనవి చేస్తాను. ఆ కట్టడంలో తిరగబోయేవాళ్ళ కాళ్ళ లెక్క, చేతుల లెక్క.

మన ఇళ్ళలో టోంటీ వున్న లోటా వుంటుంది చూడండి, తెలుగులో కొమ్ముచెంబు అంటారు. దాన్ని మొదట ఎవరు చేశారో గాని, వుజూ చేసే మనిషిని దగ్గర కూర్చుని చూసే చేసివుంటారు. ఒక చేత్తో వంచితే సన్నటి ధార పడుతుంది. నీరు వృథా కాదు, కడిగిన చెయ్యి మళ్ళీ నీళ్ళలో ముంచే పని లేదు. ఇప్పుడు మనం పెట్టే గుండ్రటి తిప్పుడు కుళాయిని దాని పక్కన పెట్టండి. కీళ్ళవాతం వున్న ముసలి చెయ్యి, పైగా తడిచెయ్యి, దాన్ని తిప్పలేదు. తిప్పినా కట్టలేదు. ‘నీళ్ళు పారబోస్తున్నాడీ ముసలాయన’ అని మనమే కసురుకుంటాం. మోచేత్తో తోస్తే తెరుచుకునే పొడుగు పిడి కుళాయిలు బజారులో దొరుకుతూనే వున్నాయి కదా, ఆయన్ని కసరడం దేనికి?

వాడే మనిషిని చూసి వస్తువు చేయడమంటే ఏమిటో తెలియాలంటే జైపూరు కాలు సంగతి తెలుసుకోవాలి. కాలు పోయినవారికి విదేశీ పద్ధతిలో చేసిన కృత్రిమ పాదం మన దేశంలో అప్పటికే వుంది. అది బిరుసుగా వుండేది, బూటు తొడుక్కుని కుర్చీలో కూర్చునేవారికోసం చేసింది. బూటు మడమ ఎత్తుకు సరిపోయేలా దాని లెక్క వుండేది. బూటు తీస్తే లెక్క తప్పిపోయేది. మరి మన రైతు బురదలో నడవాలి. మన ఆడవాళ్ళు పొయ్యి దగ్గర గొంతుక్కూర్చోవాలి. అన్నం దగ్గర బాసింపట్టు వేయాలి. మనవాళ్ళ సంగతి అసలే చెప్పక్కరలేదు: చెప్పులు బయట విడిచి లోపలికి రావాలి, సజ్దాకు వంగాలి, ఖాయిదాలో పాదం మడిచి కూర్చోవాలి. బూటుతోనే బతికే కాలు మస్జిదు గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. ఆ కాళ్ళు పుచ్చుకున్నవారిలో చాలామంది వాటిని మూలన పెట్టి మళ్ళీ చంకకర్రలు పట్టారు. పేదవాడికి మంచిది ఇచ్చినా విలువ తెలియదని విసుక్కున్నవాళ్ళు లేకపోలేదు.

జైపూరులో సవాయ్ మాన్‌సింగ్ ఆసుపత్రిలో ఎముకల డాక్టరు ప్రమోద్ కరణ్ సేఠీగారు అలా విసుక్కోలేదు. అక్కడే పనిచేసే రామచంద్ర శర్మ అనే శిల్పితో కలిసి 1968 ప్రాంతంలో కొత్త పాదం తయారుచేశారు. శర్మగారికి పెద్ద చదువు లేదు, చేతిలో పనితనం వుంది. లారీ టైర్లకు రబ్బరు అతికే పద్ధతి చూసి ఆయనకీ ఆలోచన వచ్చిందని చెబుతారు. లోపల మెత్తటి రబ్బరు దిమ్మలు, కొంచెం కర్ర, పైన చర్మం రంగులో రబ్బరు తొడుగు. చీలమండ దగ్గర వంగుతుంది, నీళ్ళకు పాడుకాదు, బూటు అక్కరలేదు. 1975లో అక్కడ భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి ఏర్పడి, ఈ కాళ్ళను ఉచితంగా అమర్చడం మొదలుపెట్టింది. సేఠీగారికి 1981లో మెగసెసె అవార్డు వచ్చింది. మన తెలుగువాళ్ళకు ఈ కాలు 1985లో ‘మయూరి’ సినిమా ద్వారా బాగా పరిచయమైంది. ప్రమాదంలో కాలు కోల్పోయిన సుధాచంద్రన్ గారు జైపూరు కాలితోనే మళ్ళీ నాట్యం చేసి, ఆ చిత్రంలో తన కథ తానే నటించారు. నాట్యం సంగతి గొప్పదే. నాకు మాత్రం అంతకంటే గొప్పగా కనిపించేది, ఒక కూలిమనిషి ఆ కాలితో సఫ్‌లో అందరితో సమానంగా కూర్చోగలగడం.

ఇక మన సంగతికి వస్తాను. మన పాత వుజూఖానాలో రాతి దిమ్మెలు తొమ్మిది అంగుళాల ఎత్తున్నాయి. కుర్రవాళ్ళకు హాయి. అరవై దాటినవారు కూర్చోగలరు గాని లేవలేరు. మీకు ఇబ్బందిగా వుందా అని అడిగి చూశాను. ‘ఏం లేదు బేటా, అల్‌హందులిల్లాహ్, బాగానే వుంది’ అన్నారు అందరూ. మన పెద్దలు అలాగే అంటారు, ఫిర్యాదు చేయడం నామోషీ. కాబట్టి అడిగితే చాలదు, చూడాలి. వెళ్ళి ఆ గోడ చూడండి. వెల్లవేసిన గోడ మీద, దిమ్మెలకు కాస్త పైన, వరసగా తడిచేతుల మరకలున్నాయి. లేచేటప్పుడు పట్టుకోవడానికి ఏమీ లేక గోడను ఆనుకున్న చేతులవి. మరక వున్నచోటల్లా ఒక ఇనప కడ్డీ కావాలని ఆ గోడే చెబుతోంది. కొత్త ప్లానులో ఆ కడ్డీ లేదు. దిమ్మెలు మళ్ళీ తొమ్మిది అంగుళాలే వేశారు. సగమైనా పద్దెనిమిది అంగుళాలకు పెంచాలి. నేలకు నున్నటి టైల్సు రాశారు. తడి, సబ్బు కలిస్తే అవి ఎవరినీ నిలబెట్టవు. నునుపు పెట్టని బేతంచర్ల బండలు చాలు, చవక కూడా.

ర్యాంపు వేశామని ప్లానులో చూపించారు, సంతోషం. అయితే వరండా ఎత్తు అడుగున్నర, ర్యాంపు పొడుగు ఐదడుగులు. ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడుగు వుండాలన్నది లెక్క. అంటే పద్దెనిమిది అడుగులు కావాలి. ఐదడుగుల దానిమీద చక్రాల కుర్చీ ఎక్కదు, దిగితే మాత్రం ఆగదు. మోటారు సైకిళ్ళు ఎక్కించుకోవడానికి పనికొస్తుందేమో. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, ప్రజలు వచ్చిపోయే కట్టడాలకు అది వర్తిస్తుంది. చట్టం మాట అటుంచండి. దైవప్రవక్త (స.అ.స.) వారి కాలంలో అజాన్ పలికినవారిలో ఒకరైన అబ్దుల్లా ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (ర.) గారు చూపులేనివారు. అలాంటివారు మన మెట్లు ఎక్కి ఒంటరిగా లోపలికి రాగలరా? మెట్టు అంచుకు రంగు లేదు, పట్టుకోను కమ్మీ లేదు. వెనుక బలహీనులు, వృద్ధులు వుంటారు గనుక నమాజు తేలిక చేయమని ఇమాములకు చెప్పిన మాట మనందరికీ తెలుసు. కట్టే మేస్త్రీకి ఆ మాట చెప్పేది ఎవరు?

వంటశాల విషయం ఎవరూ అడగలేదు, అయినా చెబుతాను. వంటశాలకు, భోజనాల హాలుకు మధ్య ఆరంగుళాల గడప వేశారు. పొగలు కక్కే బిర్యానీ దేగ్‌ను ఇద్దరు మనుషులు మోసుకుంటూ దాన్ని దాటాలి. దేగ్ అడ్డం వుంటే కాలికింద గడప కనిపించదు. ఆ మోసేవాళ్ళెవరూ కార్యవర్గంలో లేరు, ప్లాను వాళ్ళకెవరూ చూపలేదు. ఆడవాళ్ళ వైపు వుజూ చేసే చోట బురఖా తగిలించుకోను ఒక కొక్కెం లేదు, చంటిపిల్లను పడుకోబెట్టను జాగా లేదు. ఇవేవీ లక్షల ఖర్చు కావు. గోడలు లేచాక మార్చాలంటే మాత్రం లక్షలే.

అందుచేత నా మనవి ఒక్కటే. ప్లాను మీద ఈ రోజే సంతకాలు చేయకండి, ఒక్క వారం ఆపండి. వచ్చే ఆదివారం జొహర్ నమాజు తరువాత ఖాళీ స్థలంలో సున్నంతో గీతలు గీసి గదులు, గుమ్మాలు, ర్యాంపు అసలు కొలతలతో చూపిద్దాం. ఇటుకలు పేర్చి తొమ్మిది అంగుళాల దిమ్మె ఒకటి, పద్దెనిమిది అంగుళాలది ఒకటి పెడదాం. మీ ఇంట్లో పెద్దమ్మను, నానీని, దాదాను తీసుకురండి. వంటవాళ్ళను పిలవండి, ఖాళీ దేగ్ ఒకటి మోయించండి. చక్రాల కుర్చీ వున్న ఇళ్ళు మన పేటలో మూడున్నాయి, వాళ్ళకు నేనే కబురు చేస్తాను. ఇంజనీరుగారు కూడా వచ్చి, ఏమీ మాట్లాడకుండా ఒక గంట చూడాలి. సున్నం బస్తా నా వంతు.